లామినేషన్ చేయించిన బిల్డ్ చీటీ

నాలుగేళ్ల కిందట, జూన్ నెల మొదటి సోమవారం నాడు, తొర్రూరులో ఒక ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉన్న రెండు గదుల్లో నేను కోచ్‌గా చేరాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆరేళ్లు ఆటగాడిగా, రెండేళ్లు సహాయ కోచ్‌గా చేసి ఉన్నాను. మా వృత్తిలో అది పెద్దరికమే. ఇరవై ఐదు దాటితే వేళ్ల వేగం తగ్గిందంటారు, ముప్పై దగ్గరపడితే ఇంటికి పంపుతారు. భూపాలపల్లి బొగ్గుబాయిలో జీవితమంతా చేసిన మా బాపు, నేను ఒకే ఏడాది రిటైరయ్యామని చెబితే ఇప్పటికీ జనం నవ్వుతారు. పింఛను మాత్రం ఆయన ఒక్కడికే వస్తుంది.

తెలియనివారి కోసం పని గురించి కొంచెం చెప్పాలి. ఇది ఫోన్‌లో ఆడే పోటీ ఆట. ఇరువైపులా ఐదుగురేసి ఉంటారు. ఎదుటివాళ్ల కోటను కూల్చినవాళ్లు గెలిచినట్టు. రెండు కోటల మధ్య మూడు దారులు, ఆ దారుల నడుమ అడవి. నలుగురు దారులు కాస్తారు. ఐదో మనిషిని జంగ్లర్ అంటారు. జంగ్లర్ అడవిలో తిరిగి మృగాలను కొట్టి బంగారం కూడబెడతాడు, అదను చూసి ఏదో ఒక దారిలోకి దూరి అక్కడి ప్రత్యర్థిని పడగొడతాడు. దారి కాసేవాడు తప్పు చేస్తే ఒక దారి పోతుంది, జంగ్లర్ తప్పు చేస్తే మూడూ పోతాయి. అందుకే ఓడిన ప్రతి జట్టూ మొదట తిట్టేది జంగ్లర్‌నే. ఆరేళ్లు ఆ తిట్లు తిన్నవాడిని కాబట్టి ఈ మాట కాస్త కసిగానే చెబుతున్నాను.

ఆటలో వచ్చిన బంగారంతో ఒక్కొక్కరు ఆరు వస్తువులు కొనుక్కోవచ్చు. కత్తి, కవచం, ఉంగరం, చెప్పులు, ఇలాంటివి. ఏది ముందు కొనాలి, ఏది తర్వాత కొనాలి అన్న వరుసను బిల్డ్ అంటారు. బిల్డ్‌ల విషయంలో నాకు పేరుండేది. పెద్ద పెద్ద ఆటగాళ్ల మ్యాచ్‌లు చూసి, లెక్క వేసి, ప్రతి ఆటగాడికీ ఆరు వస్తువులు వరుసగా రాసి ఇచ్చేవాడిని. చెమట చేతులకు కాగితం పాడవుతోందని తొర్రూరు బస్టాండు పక్క జిరాక్స్ దుకాణంలో ఆ చీటీలను లామినేషన్ కూడా చేయించాను. పిల్లలు నా వెనక నన్ను చీటీల సారు అనేవారని తర్వాత తెలిసింది. ముందే తెలిసినా గర్వపడేవాడినేమో.

మా జట్టు యజమాని వరంగల్‌లో కంప్యూటర్ల వ్యాపారం చేసే మనిషి. ఆయన నియమం ఒకటే. పోటీ అయిపోగానే కోచ్ నివేదిక రాయాలి. అందులో ఓడిన ప్రతి ఆటకూ ఎదురుగా 'తప్పు ఎవరిది' అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఎవరి పేరు ఎక్కువ బరువుగా కనిపిస్తే వాళ్లు మరుసటి నెల జట్టులో ఉండరు. మిగిలినవాళ్లకు నెల జీతం. జూలైలో జనగామలో అర్హత పోటీ ఉంది. దానికోసమే నన్ను ఆరు వారాల ముందు తీసుకున్నారు.

కెప్టెన్ మహేష్‌ది రఘునాథపల్లి. మధ్య దారి కాసేవాడు, నెమ్మదస్తుడు. జంగ్లర్ పేరు సునీత. ఇరవై ఒక్కేళ్లు, మరిపెడ దగ్గర ఒక తండా నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేది. అద్దం పగిలిన అన్న ఫోన్‌లో ఆట నేర్చుకున్న మనిషి. అన్నావదినలు హైదరాబాదులో బిల్డింగుల పనికి పోతారు. జట్టులో చోటు నిలబడితే సరే, లేకపోతే ఆగస్టు నుంచి వాళ్లతో పాటు పనికి పోవాలని వాళ్ల యాడి తేల్చి చెప్పింది. వాళ్లింట్లో అమ్మను యాడి అంటారు. ఈ సంగతి సునీత చేరిన మొదటి రోజే నాకు చెప్పింది, జాలి కోసం కాదు, ఆగస్టులో కనిపించకపోతే వెతకొద్దని.

ఆమె ఆటలో నాకు మొదట నచ్చింది ఎదుటి జంగ్లర్ జాడ పట్టడం. చంపిన మృగం మళ్లీ పుట్టడానికి కచ్చితమైన సమయం పడుతుంది. ఎదుటివాడు అడవిలో ఏ మూల మొదలుపెట్టాడో తెలిస్తే, రెండు నిమిషాల తర్వాత ఏ మూల తేలతాడో చెప్పవచ్చు. చాలామంది దీనికి పుస్తకంలో గీతలు గీసుకుంటారు. సునీత ఏమీ రాసేది కాదు. ఎట్లా చెబుతున్నావని అడిగితే, "తొర్రూరుల ఏ ఆటో ఎప్పుడు నిండిందో చూస్తే, మరిపెడకు ఎప్పుడొస్తదో తెల్వదా సార్" అంది. నేను రెండు పేజీల్లో రాసిన పాఠం అదే. నా పేజీలు మడిచి పెట్టుకున్నాను.

రెండో విషయం నచ్చలేదు. ప్రాక్టీసు మ్యాచ్‌లలో ఒకసారి ఆమె నా చీటీలోని మూడో వస్తువు మార్చి వేరొకటి కొన్నది. ఆ మ్యాచ్ ఓడిపోయాం. ఓటమికి ఆ వస్తువు కారణం కాదని ఇప్పుడు వీడియో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం కదా నేను. అందరి ముందూ, "చీటీ రాసేది నేను, ఆడేది నువ్వు" అని కసిరాను. రెండు రోజులు ఆమెను కూర్చోబెట్టి అదనపు ఆటగాడిని ఆడించాను. ఆమె గోడవారగా కుర్చీలో కూర్చుని రెండు రోజులూ మిగతావాళ్లకు నీళ్ల బాటిళ్లు నింపి ఇచ్చింది. ఎదురు మాట్లాడలేదు. మా వైపు సారు అన్న మనిషి రాసి ఇచ్చినదాన్ని కాదని కొట్టేయడం పిల్లలకు బడి నుంచే అలవాటు లేదు. నేను దాన్ని క్రమశిక్షణ అనుకుని సంతోషించాను.

పోటీకి వారం ముందు భూపాలపల్లి వెళ్లాను. బాపు నా చీటీని అటూ ఇటూ తిప్పి చూసి ఇదేమిటన్నాడు. విడమరిచి చెప్పాను. ఆయన, "బాయిల దిగేముందు మేము గూడ కాయిదం చూస్తం బిడ్డా. దిగినంక మాత్రం కట్టెతోని పైకప్పు తట్టి చూసి, సప్పుడు ఇని అడుగేస్తం. కాయిదానికి పైకప్పు తెల్వదు గద" అన్నాడు. ఆటకూ బొగ్గుబాయికీ ఏం సంబంధమని మనసులో అనుకున్నాను. బయటికి అనలేదు, ఎందుకంటే నేనూ బాపు మాటకు ఎదురు చెప్పని కొడుకునే.

జనగామలో పోటీ ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. చివరి పోరులో మాకు ఎదురుపడ్డది ఖమ్మం వైపు జట్టు. మూడు ఆటల్లో రెండు గెలవాలి. నియమం ప్రకారం ఆటలో ఎవరు ఏ పాత్రగా ఆడాలో ఎంచుకునే వరకే కోచ్ ఆటగాళ్ల వెనక నిలబడవచ్చు. ఎంపిక అయిపోగానే వేదిక దిగి తాడు ఇవతల కూర్చోవాలి. ఆట నడుస్తుండగా సైగ చేసినా జరిమానా పడుతుంది.

మొదటి ఆటలో వాళ్లు, తగిలిన గాయాన్ని తామే మాన్పుకునే పాత్రలు రెండు తీసుకున్నారు. అలాంటివాళ్ల మీద ఎంత పెద్ద కత్తి వాడినా లాభం లేదు. గాయం మాననివ్వని ఉంగరం ఒకటి ఉంటుంది, ధర కూడా తక్కువే, ముందుగా అది కొనాలి. సునీత చీటీలో మూడో వస్తువు కత్తి. తాడు ఇవతల కుర్చీలో కూర్చున్నాక గానీ నాకా సంగతి తట్టలేదు. ఆరో నిమిషంలో సునీత కొనడానికి కోటకు వచ్చింది. పెద్ద తెర మీద ఆమె పాత్ర కదలకుండా నిలబడిపోయింది. చేతిలో బంగారం ఉంది, కొనడం లేదు. ఆ వేగంలో అంతసేపు ఊరికే నిలబడటం ఎవరూ చేయరు. మింగలేక కక్కలేక నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. చివరికి ఆమె కత్తి కొన్నది. పదిహేనో నిమిషానికి మా కోట కూలింది.

ఆటకూ ఆటకూ మధ్య పది నిమిషాలిస్తారు. కోటలో ఎందుకు ఆగిపోయావని అడిగాను.

"గాళ్లు కొట్టినకొద్ది మానుతున్నరు సార్. ఉంగరం కొందామనుకున్న."

"మరి కొనలేదేంది?"

"మీరు కత్తి రాసిన్రు గద సార్."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. పక్కనే ఉన్న మహేష్ నా వైపు చూడకుండా, "మొన్న రెండు రోజులు కూసోబెట్టినవ్ గదన్నా" అన్నాడు. నాకు నిజంగా సిగ్గేసింది. ఆరు వారాల్లో నేను ఆమెకు నేర్పింది బిల్డ్ కాదు, కళ్లకు కనబడేదాన్ని వదిలేసి నన్ను నమ్మడం. ఆ నమ్మకం ఆమెకు ఏం తెచ్చిపెట్టబోతోందో కూడా నాకు తెలుసు. నివేదికలో జంగ్లర్ పేరు, ఆగస్టులో హైదరాబాదు బస్సు.

ఆమె ఫోన్ స్టాండుకు ఆనించి ఉన్న చీటీ తీసేశాను. మొదటి రెండు వస్తువులు నేను చెప్పినవే కొనమన్నాను, మిగతా నాలుగూ ఆమె ఇష్టం. ఎదుటివాళ్లు ఏం కొంటున్నారో చూసి కొనమన్నాను.

"తప్పయితే?" అని అడిగింది.

"తప్పయితే ఎందుకైందో నాకు జెప్పు. అంతే."

రెండో ఆటలో ఉంగరం మూడోది కాదు, రెండోదిగానే కొన్నది. అంటే నేను నా చేతిలోనే ఉంచుకున్న రెండింట్లోనూ ఒకటి కొట్టేసింది. నాకు కోపం రాలేదు. ఎదుటి జంగ్లర్ ఎక్కడ తేలతాడో ముందే చెప్పి మహేష్‌ను రెండుసార్లు కాపాడింది, మూడోసారి వాడి అడవిలోనే పొంచి ఉండి వాడిని పడగొట్టింది. పన్నెండు నిమిషాల్లో గెలిచాం.

మూడో ఆట చాలాసేపు సాగింది. చివరిదాకా మాదే పైచేయి. ఐదో వస్తువు దగ్గర సునీత కవచం కొనకుండా ఇంకో కత్తి కొన్నది. తర్వాతి పోరులో అందరికంటే ముందు ఆమే పడిపోయింది. జంగ్లర్ లేని నలుగురు ఎంతసేపు ఆగుతారు? ఓడిపోయాం.

ఆమె వేదిక దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. నేను అడగకముందే చెప్పింది. "ఐదోది తప్పు కొన్న సార్. గాళ్ల మధ్య దారోడు నాకన్న ముందే పెద్ద కత్తి కొన్నడు. చూసిన, అయినా ముందు నేనే కొడుతననుకున్న. కవచం కొనాల్సింది." కళ్లలో నీళ్లున్నాయి, లెక్క మాత్రం తడబడలేదు. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో, తన తప్పును ఇంత కచ్చితంగా చెప్పిన ఆటగాడిని నేను చూడలేదు. నేను ఆడిన రోజుల్లో ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఫోన్‌ను, నెట్‌వర్కును తిట్టేవాడిని.

మర్నాడు యజమాని ఫోన్ చేసి నివేదికలో జంగ్లర్ పేరు రాసి పంపితే చాలన్నాడు. నేను గళ్లు విడివిడిగా నింపాను. మొదటి ఆట: తప్పు కోచ్‌ది, మూడో వస్తువు ముందే రాసిపెట్టి మార్చనివ్వలేదు, ప్రాక్టీసులో మార్చినందుకు శిక్షించాడు. మూడో ఆట: జంగ్లర్ ఐదో వస్తువు తప్పు, కారణం తానే గుర్తించింది, మళ్లీ చేయదు. రెండో ఆట గెలుపుకు గడి లేదు. కింద మార్జిన్‌లో అదీ రాశాను. సాయంత్రం ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. "నువ్వు రాసింది సదివిన. కోచ్ తప్పంటివి. కోచ్‌నే తీస్త మరి" అన్నాడు. తన నియమం ప్రకారం ఆయన చేసింది సబబే. ఆ తర్వాత రెండు జట్లను అడిగి చూశాను, వయసు చెప్పగానే మాట మార్చారు. అలా రిటైరయ్యాను.

సునీత ఆగస్టులో హైదరాబాదు పోలేదు. ఇప్పుడు ఆ జట్టుకు ఆమే కెప్టెన్. మొన్న చలికాలంలో భూపాలపల్లి వచ్చి, కొత్త జంగ్లర్ తాను చెప్పింది చెప్పినట్టే కొంటోందని, ఒక్కటి కూడా మార్చదని వాపోయింది. "ఏం జేయాలె సార్?" అని అడిగితే, చెప్పడం తగ్గించమన్నాను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. బిల్డ్ రాసేవాడు మొదటి రెండు వస్తువులు రాసి ఆపాలి. మిగతా నాలుగు ఎదుటివాళ్లను చూశాకే తేలతాయి, చూసేది ఆడేవాళ్లు. ఎందుకు ఓడారో ఆటగాడు తానే చెప్పగలిగితే కోచ్ పని అయినట్టు. "మీరు రాసిన్రు గద" అంటే ఆ ఓటమి కోచ్ పేరు మీద రాయాలి. ఆనాటి చీటీ మా ఇంట్లోనే ఉంది. కరెంటు పోయినప్పుడు బాపు దానితో విసురుకుంటాడు.