నిప్పుకోళ్ళ పెద్దల్లుడు

మా తోడల్లుడు పోయిన వారం మంగళవారం పొద్దున పోయారు. హఫీజ్‌పేట్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను గడ్డం గీసుకుంటున్నాను. మా ఆవిడ ఫోన్ చేతిలో పట్టుకునే గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. "బావగారు లేరటండీ," అంది. ఆయన ఆవిడకి అక్క భర్త. చాలాసేపు ఏడ్చింది. రేపు నేను పోతే ఇంతసేపు ఏడుస్తుందా అని నాకు అనిపించింది. అలాంటప్పుడు అదేం ఆలోచనండీ అని మీరు అడగొచ్చు. ఏళ్ళ తరబడి పట్టిన అలవాటు, ఒక్క ఫోనుకి వదిలిపోతుందా?

ఆయన మీద నాకున్నది కుళ్ళు. దానికి ఇంకో మర్యాదైన పేరు పెట్టడం నాకు చేతకాదు. మా మామగారికి ఇద్దరమే అల్లుళ్ళం. నేను మూసాపేటలో కాపురముంటూ ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. ఏలూరులో అత్తారింట్లో భోజనాల దగ్గర మామగారు "ఉద్యోగం ఎలా ఉంది నాయనా?" అని అడిగేవారు. "బాగుందండీ," అనేవాణ్ణి. అంతే, నా వంతు అయిపోయేది. ఇక అందరూ ఆయన వైపు తిరిగేవాళ్ళు. మా ఆవిడైతే వడ్డించడం మర్చిపోయి, నోరు తెరుచుకుని, ఆయన మాటలు వింటూ నిలబడిపోయేది. నాకు మేడలూ కార్లూ అక్కర్లేదు. నా మాటకి ఆవిడ ఒక్కసారి అలా నిలబడిపోతే చాలనుకునేవాణ్ణి.

తొంభైల చివర్లో ఆయన బాలానగర్‌లో ఫోర్‌మన్ ఉద్యోగం మానేశారు. హఫీజ్‌పేట్ స్టేషన్‌కి అవతల రాళ్ళనేల కౌలుకి తీసుకుని, కంచె వేసి, నిప్పుకోళ్ళు పెంచడం మొదలుపెట్టారు. అటుపక్క అప్పుడే హైటెక్ సిటీ లేస్తోంది. లోకమంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరుతుంటే ఈయన మనిషికంటే ఎత్తున్న కోళ్ళని తెచ్చుకున్నారు. లోలోపల నాకు పండగే. ఇప్పుడు తెలిసొస్తుంది పెద్దల్లుడిగారికి అనుకున్నాను.

"దీంట్లో పారేసేది ఏమీ లేదు తమ్ముడూ, కూత తప్ప," అనేవారు. మాంసం ఎర్రగా మేకమాంసంలా ఉంటుంది, కొవ్వు తక్కువ. తోలు చెప్పులకీ సంచులకీ పనికొస్తుంది. ఒక్క గుడ్డు పగలగొడితే వీధివాళ్ళందరికీ అట్టు వస్తుంది. ఇక ఈక ఉందే, గీత పడకుండా దుమ్ము పట్టేస్తుంది. లేస్తున్న అద్దాల మేడల వైపు చెయ్యి చూపించి, "అక్కడ ఎన్ని కంప్యూటర్లు రాబోతున్నాయో చూడు. వాటికి దుమ్ము తుడవాలా, వద్దా?" అనేవారు. నేను వంక వెతికేవాణ్ణి. దొరికేది కాదు. అది ఇంకా మంట.

మెరిసేదేదైనా ఆ పక్షులు పొడుస్తాయి. అందుకని ఆయన చొక్కాలన్నిటికీ వదినగారి చేత గుడ్డ బొత్తాలు కుట్టించుకున్నారు. కంచె దాటేముందు వాచీ విప్పి నా చేతికిచ్చేవారు. నేను మాత్రం నా వాచీ విప్పడం మర్చిపోయి, అద్దం పగలగొట్టించుకున్నాను. రాత్రిపూట మగపక్షి గుడ్ల మీద కూర్చుంటుందని, పగలు ఆడదాని వంతని ఒకసారి ఆయన చెప్పారు. ఆ ముక్క మా ఆవిడ పట్టుకుంది. మా చిన్నవాడు ఏడ్చినప్పుడల్లా, "బావగారి కోళ్ళు నయం," అనేది దుప్పట్లోంచే.

చివరికి నేను కోరుకున్నదే జరిగింది. సగం గుడ్లు పిల్లలవలేదు. అయినవాటిలో కొన్నిటికి కాళ్ళు నిలవలేదు. మాంసం కొనేవాడే లేడు. పేరులోనే నిప్పుంది, తింటే వేడి చేస్తుందని అందరికీ భయం. స్వయంగా మా అత్తగారే, "వద్దు నాయనా, మీ మామగారికి అసలే వేడి శరీరం," అని గిన్నె వెనక్కి పంపారు. రెండు వేసవులు గడిచాక ఆయన కంచె పీకేసి బాలానగర్‌లో చిన్న లేతు మిషను పెట్టుకున్నారు. నేను కడుపునిండా సంతోషించడానికి సిద్ధమై ఏలూరు వెళ్ళాను. మామగారు భోజనాల దగ్గర, "మా పెద్దల్లుడు గుండె ఉన్న మనిషి," అన్నారు. గెలిస్తే వచ్చే మర్యాద ఓడిపోయినా ఆయనకే వచ్చింది. ఒక్కరోజు కూడా ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళని నా గుండె సంగతి ఎవరూ ఎత్తలేదు.

నిన్న పెద్దకర్మ అయింది. బంతిలో కూర్చున్నాక ఆయన గురించి తలా ఒక కథ చెప్పుకున్నారు. నాకు ఉన్నట్టుండి నోరు పెగిలింది.

ఒకసారి దుమ్ము దులిపే ఈకల కుచ్చులు అమ్మడానికి తోడు రమ్మని ఆయన నన్ను స్కూటరెక్కించుకుని ఒక అద్దాల మేడకి తీసుకెళ్ళారు. గేటు దగ్గర జనరేటరు మోత. ఏం పనని గార్డు అడిగితే ఆయన "నిప్పుకోడి" అన్నారు. అతనికి మొదటి సగమే వినపడింది. "నిప్పా? ఏడ సార్?" అంటూ లోపలికి పరుగెత్తి గంట కొట్టించాడు. మేడలోని కుర్ర ఉద్యోగులందరూ మెళ్ళో కార్డులతో బిలబిలా మెట్లు దిగి వాకిట్లోకి వచ్చేశారు. నేను పారిపోదామన్నాను. ఆయన, "ఇంతమంది ఒక్కచోట మళ్ళీ దొరకరు తమ్ముడూ," అని పూలకుండీ గట్టెక్కి, ఈక పైకెత్తి పట్టుకుని, మాంసం దగ్గర్నుంచి మొదలుపెట్టారు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. కుచ్చులన్నీ కొనేశారు. గార్డు మాత్రం, "ఏంది సార్ గిది, కోడని జర గట్టిగ చెప్పొద్దా? అందర్ని పరేషాన్ చేసినవ్ గద," అని మొత్తుకున్నాడు.

బంతి బంతంతా నవ్వింది. వదినగారు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, "ఇది ఆయన నాకు కూడా చెప్పలేదే!" అన్నారు.

ఎలా చెబుతారు? ఆ రోజు తిరిగొస్తూ స్కూటరు మీద నేనే అడిగాను, "అన్నయ్యగారూ, ఇదొక్కటి నాకు వదిలెయ్యండి, ఏలూరులో నేను చెప్పుకుంటాను," అని. "సరే, ఇది నీదే," అన్నారు. కడుపులో మాట దాచలేని మనిషి ఆయన. తర్వాత ప్రతి భోజనం దగ్గరా తన కథలు అయ్యాక ఆగి, మంచినీళ్ళు తాగి, నా వైపు చూసేవారు. నేను చెబితే ఎవరూ నవ్వరేమోనని భయమేసి, తలొంచుకుని చారన్నం కలుపుకునేవాణ్ణి. అయినా ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇంతకాలమూ అట్టేపెట్టారు.

మా ఆవిడ నేతిగిన్నె పట్టుకుని నా ఎదుట నిలబడిపోయింది. "మీరింత బాగా చెబుతారని నాకు తెలీనే తెలీదండీ," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

నాకు కావలసింది అదే. అది విన్నారో లేదో చూద్దామని గబుక్కున ఆయన వైపు తిరిగాను. ఆయన కూర్చునే చోట వాళ్ళ మనవరాలు బాసింపట్టు వేసుకుని, మూతంతా పూసుకుంటూ పెరుగన్నం తింటోంది.