తుడవగా మిగిలిన గొంతు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వారానికి ఒక్కసారి, శుక్రవారం ఉదయం, ఏసీ ఆపేవాళ్ళం. దోహా ఎండాకాలంలో ఏసీ ఆపడమంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఐదు నిమిషాల్లో గోడలు వేడెక్కేవి. పదో నిమిషానికి అమ్మ కొంగుతో విసురుకోవడం మొదలుపెట్టేది. అయినా ఆపేవాళ్ళం. ఏసీ మోత క్యాసెట్‌లోకి ఎక్కకూడదు కదా.

తొంభైల మొదట్లో మేము ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో, నాలుగు కుటుంబాలకు పంచి ఇచ్చిన ఒక విల్లాలో ఉండేవాళ్ళం. నాన్న ఒక కంపెనీలో సైట్ ఇంజనీరు. ఆయన కింద పనిచేసేవాళ్ళు చాలామంది కరీంనగర్, నిజామాబాద్ వైపు ఊళ్ళవాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఉత్తరం రాయడం రాదు. అందుకని ఇంటికి చెప్పాల్సిన మాటలన్నీ క్యాసెట్‌లో చెప్పి, సెలవు మీద ఊరెళ్ళేవాడి చేతికిచ్చి పంపేవారు. వాళ్ళుండే లేబర్ క్యాంప్‌లో ఒక్కో గదికి పన్నెండు మంది, ఎప్పుడూ గోల. మా ఇంట్లో టేప్ రికార్డర్ ఉంది, ముందుగది ఉంది. అందుకే శుక్రవారం మా ఇంటికి వచ్చేవారు.

వాళ్ళకొక పద్ధతి ఉండేది. ఒక్క క్యాసెట్టే పోతూ వస్తూ ఉండేది. ఇంటి నుంచి వచ్చిన మాటలు నాలుగైదుసార్లు విని, వాటి మీదే జవాబు మాట్లాడి పంపేవారు. అక్కడ భార్య అది విని, దాని మీదే తన మాటలు చెప్పి తిప్పి పంపేది. ఒకరి గొంతు ఎక్కితే ఇంకొకరి గొంతు చెరిగిపోయేది. అందులో ఎవరికీ తప్పు కనిపించేది కాదు. మాట చేరింది, పని అయిపోయింది, అంతే.

ఆ వచ్చేవాళ్ళలో ఒకాయన షటరింగ్ కార్పెంటర్. స్లాబుకు చెక్కలు కొట్టేపని. అందరూ ఆయన్ను పాటలన్న అనేవారు, నేను పాటల మామ అనేదాన్ని. ఆయన పాటలు కట్టేవాడు, కాని తన కోసం కాదు. ఎవరికి కావాలంటే వాళ్ళకు కట్టి ఇచ్చేవాడు. వాళ్ళు దాన్ని తమ గొంతుతో క్యాసెట్‌లో పాడుకునేవారు. భార్య మీద పాట, తల్లి మీద పాట, ఇంకా ముఖం చూడని బిడ్డ మీద పాట. పాట కట్టే ముందు ఆయన ఒక విచిత్రమైన పని చేసేవాడు. పాడబోయేవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతవరకు లెక్కపెట్టగలడో లెక్కపెట్టమనేవాడు. ఒకడు ఇరవై ఆరు దాకా వెళ్ళేవాడు, సిగరెట్లు తాగేవాడు పదిహేనుకే దగ్గేవాడు. ఆ అంకెను బట్టి పాటలో చరణం ఎంత పొడుగుండాలో కోసేవాడు, చెక్క కొలిచి కోసినట్టు.

ఆ అంకెలు రాసే పని నాది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. అంకెలంటే చాలు, ఎవరూ చెప్పకపోయినా వెంటపడేదాన్ని. ఒక నోటుబుక్కులో గడులు గీసి ఎవరి పాట, ఎంత ఊపిరి, టేప్ రికార్డర్ మీది అంకెల చక్రంలో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది అని రాసుకునేదాన్ని. ఆ చక్రం నాకొక పజిల్. మొదటి నిమిషంలో ఇరవై అంకెలు తిరిగేది. పదో నిమిషానికి వచ్చేసరికి పద్నాలుగే తిరిగేది. గడియారం పక్కన పెట్టుకుని ఏ నిమిషానికి ఎన్ని అంకెలో ఒక పట్టిక చేసుకున్నాను. అది ఎందుకు పనికొస్తుందో అప్పటికి నాకే తెలియదు.

ఆ ఉదయాలు సరదాగా ఉండేవి. ఒకసారి పక్కపక్క ఊళ్ళ ఇద్దరికి ఒకే బాణీలో పాటలు కట్టాడట. అక్కడ ఆ ఇద్దరి భార్యలు జాతరలో కలిసి క్యాసెట్‌ల సంగతి మాట్లాడుకున్నారు. తర్వాత వచ్చిన క్యాసెట్‌లో ఒకడి భార్య ఏం తిట్టిందో గాని, వాడు వచ్చి మామ మీద పడ్డాడు.

"నా పెండ్లాం మీద కట్టిన పాట ఆళ్ళింట్ల గూడ మోగుతున్నదట గదనే అన్నా!"

"బాణీ ఒక్కటే గదరా, పేరు మార్చిన గద," అన్నాడు మామ. "అయినా నువ్వు పాడినంక అది ఏ బాణీనో ఎవ్వనికి తెలుస్తది?"

గదిలో అందరూ పడి పడి నవ్వారు. అమ్మ వంటింట్లోంచి టీ గ్లాసులు తెస్తూ నవ్వింది.

మామ గొంతు మాత్రం ఏ క్యాసెట్‌లోనూ నిలిచేది కాదు. ఆయనకూ ఒకే క్యాసెట్, భార్యకూ ఆయనకూ మధ్య తిరుగుతూ ఉండేది. ఒక శుక్రవారం అందరూ కలిసి ఆయన్ను పట్టుకున్నారు, ఇవాళ నువ్వు పాడాల్సిందేనని. నా దగ్గరున్న ఒక క్యాసెట్ పెట్టాను. ఆయన స్టీలు గ్లాసు మీద వేళ్ళతో దరువేసుకుంటూ పాడాడు. పల్లవి నాకింకా గుర్తుంది.

"ఇసుకల అడుగేస్తే ఇసుకనే మూస్తది
నీ వాకిట్ల అడుగేస్తే నేల దాస్తది"

నోటుబుక్కులో రాశాను: మామ, సొంత గొంతు, 000 నుంచి 186. ఊపిరి గడిలో పదిహేడు అని రాశాను. అంతకుముందు ఏడాది ఆయన ఊపిరి గడిలో ముప్పై ఒకటి ఉంది. మధ్యలో ఒకసారి ఇరవై రెండు. మూడు అంకెలూ నా చేతిరాతే.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ క్యాసెట్ తీసి పెట్టుకుని, దాని మీద నా గొంతుతో ఎక్కాలు చదివాను. బడిలో పన్నెండో ఎక్కం దాకానే చెప్పేవారు, అదీ ఇంగ్లీషులో. నేను అమ్మ దగ్గర విని పదకొండు నుంచి పంతొమ్మిది దాకా తెలుగులో నేర్చుకుంటున్నాను. నా గొంతు నేనే విని దిద్దుకోవాలని ఆశ. క్యాసెట్‌లో ఏముందో తెలియక చేసిన పని కాదు, తెలిసే చేశాను. మామకు సెలవు రావడానికి ఇంకా ఇరవై తొమ్మిది శుక్రవారాలు ఉన్నాయి. క్యాలెండర్ మీద లెక్కపెట్టే చూశాను. వచ్చే శుక్రవారం మళ్ళీ పాడించుకోవచ్చు అనుకున్నాను.

ఆ బుధవారమే క్యాంప్‌లో భోజనం చేసి నడుం వాల్చిన మామ మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

కాగితాల పనులయ్యి శవం ఊరికి చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా సెలవు నుంచి తిరిగొచ్చిన ఒకతను మామ క్యాసెట్ పట్టుకొచ్చాడు. దాంట్లో ఇప్పుడున్నది భార్య మాటలు. ఆమె మాటల కింద ఆయన గొంతు చెరిగిపోయింది. దాన్ని పెట్టి వినడానికి పెద్ద మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆయన వాళ్ళందరిలో పెద్దవాడు, గోడలు కట్టే మేస్త్రీ, మీసాలు తెల్లబడ్డ మనిషి. అది పాటలన్నకు వచ్చిన మాట, మనకు కాదు అని చెప్పి, విప్పకుండానే సామానులో పెట్టి పంపించాడు.

అంత్యక్రియలు అయ్యాక నాన్న ఆ ఊళ్ళో ఫోన్ ఉన్న కిరాణా కొట్టుకు ఫోన్ చేసి మామ భార్యను పిలిపించారు. కంపెనీ నుంచి రావాల్సిన వాటి గురించి చెప్పబోతే ఆమె మధ్యలోనే ఆపి ఒక్కటే అడిగిందట. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్ల ఆయన గొంతు ఏడనన్న మిగిలిందా సారూ?"

నాన్న ఆ మాట మాకు చెప్తున్నప్పుడు నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ తర్వాతి శుక్రవారం అందరూ మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ ఏడెనిమిది మంది వచ్చేవాళ్ళు, ఆ రోజు ఇరవై ముగ్గురు. చెప్పులు గుమ్మం దాటి మెట్ల దాకా ఉన్నాయి. ఆయన పాటలన్నీ పాడి ఆమెకు పంపాలని వచ్చారు. తలా ఒక క్యాసెట్ తెచ్చారు. ఒక్కోటీ పెట్టి చూస్తుంటే పాట ఆయనది, గొంతు ఇంకొకరిది. పెద్ద మేస్త్రీ ప్రతి ఒక్కరి ముఖం చూశాడు.

"ఇంతమందికి పాటలిచ్చిండు. ఒక్కని దగ్గరన్న ఆయన గొంతు లేదారా?"

ఎవరో అన్నారు, ఆ రోజు బిడ్డ క్యాసెట్‌లో పాడించాం కదా అని. అందరూ నా వైపు తిరిగారు. అమ్మ ముఖం వెలిగింది, నా నోటుబుక్కు తెచ్చి ఆ గడి చదివింది. సొంత గొంతు, 000 నుంచి 186.

నేను చెప్పేశాను. ఎక్కాలు చదివానని, ఆయన పాట మీదే చదివానని. నాన్న చెయ్యి లేచింది. పెద్ద మేస్త్రీ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సారూ. మా అవ్వ గొంతు మీద నేను జవాబు చెప్పి పంపిన. అది ఊరికి చేరేతాలకు అవ్వ లేదు. ఈడున్నోళ్ళమంత తుడ్చినోళ్ళమే, బిడ్డ ఒక్కతే కాదు." తర్వాత నా ముందు గొంతుకూర్చున్నాడు. "ఏడ్వకు బిడ్డా. నువ్వు లెక్కలదానివి గద. ఆయన ఎంత పాడిండు, నువ్వెంత తుడ్చినవు? మిగిలిందేమన్న ఉన్నదా? లెక్కజేసి చెప్పు."

నన్ను అంతవరకు ఎవరూ ఏడుపు మధ్యలో లెక్క అడగలేదు. ముక్కు తుడుచుకుని పేజీ తిప్పాను. నా ఎక్కాలు ఎక్కడ ముగిశాయో కూడా రాసుకునే అలవాటు నాది. 171. ఆయనది 186. పదిహేను అంకెలు. ఆ చోట నిమిషానికి పద్నాలుగు తిరుగుతుంది కాబట్టి, ఒక నిమిషం మీద నాలుగు సెకన్లు.

"ఒక్క నిమిషం ఉంది తాతా," అన్నాను.

క్యాసెట్ పెట్టి 165 దగ్గరికి తెచ్చాను. నా గొంతు పంతొమ్మిది తొమ్మిదులు నూట డెబ్బై ఒకటి అంది, పంతొమ్మిది పదులు నూట తొంభై అంది. టక్‌మని చప్పుడు. ఆ వెంటనే, ఎక్కడి నుంచో నడిచి వచ్చినట్టు, ఆయన. పల్లవి రెండుసార్లు పాడాడు. రెండోసారి "నేల దాస్తది" దగ్గర ఊపిరి చాలక ఆగి, మళ్ళీ అందుకున్నాడు. దగ్గు. గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు. తర్వాత మామూలు గొంతుతో:

"ఐపాయె బిడ్డా. ఇంకా తిరుగుతనే ఉన్నదా? బంద్ చెయ్యి."

అక్కడితో అయిపోయింది. ఒకతను లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

పక్కింటివాళ్ళ టేప్ రికార్డర్ తెచ్చి ఆ ఒక్క నిమిషాన్ని కొత్త క్యాసెట్‌లోకి ఎక్కిద్దామని అమ్మ అంది. నాకూ అదే కావాలి, నా గొంతు పోవాలి. పెద్ద మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఆయన పాడుతుంటే తిరిగిన టేపు ఇదే కాబట్టి ఇదే ఆమె చేతిలో ఉండాలన్నాడు. నా ఎక్కాలు అలాగే ఉండనివ్వమన్నాడు. మామ ఇంట్లో కూడా ఒక ఆడపిల్ల ఉంది, ఏడేళ్ళది.

ఆయన గొంతు అయిపోయిన చోట కొంత ఖాళీ వదిలి, 190 నుంచి వాళ్ళు పాడడం మొదలుపెట్టారు. ఎవరి పాట వాళ్ళు. ఇరవై ఆరు ఊపిరి ఉన్నవాడు పద్నాలుగు దగ్గరే ఆగిపోయాడు. ఆగిపోయిన చోట మిగతా ఇరవై ఇద్దరూ అందుకున్నారు. అతను తేరుకుని మళ్ళీ ఒక మాట అంటే వీళ్ళు మళ్ళీ బదులిచ్చారు. బాణీల గొడవ పెట్టుకున్నవాడు తన పాట మొదలుపెట్టి నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు, అందరూ అతనితో పాటు అంతే. ఇప్పుడు మా అమ్మాయి అమెరికా నల్లజాతివాళ్ళ పాటలు, సోల్ మ్యూజిక్ అని ఒకటి వింటుంది. ఒక గొంతు పిలుస్తుంది, చాలా గొంతులు బదులిస్తాయి. ఆ పాటలు రాసినవాళ్ళ పేర్లు చాలామందికి తెలియవని కూడా చెప్పింది. మొదటిసారి అది వింటున్నప్పుడు నాకు చెమట పట్టింది, గదిలో ఏసీ నడుస్తూనే ఉంది.

రెండు వైపులా నిండాక పెద్ద మేస్త్రీ జేబులోంచి ఒక మేకు తీశాడు. షటరింగ్ మేకు. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. వాటిని విరిచేస్తే ఇక దాని మీద ఎవరూ రికార్డు చేయలేరు. ఆ గదిలో అంతవరకు ఎవరూ ఆ రేకులు విరవలేదు, విరిస్తే జవాబు రాదు కదా. ఆయన మేకు నా చేతికిచ్చాడు. రెండూ నేనే విరిచాను.

ఐదు నెలల తర్వాత జవాబు వచ్చింది. వేరే క్యాసెట్‌లో. పెట్టగానే ఒక చిన్నపిల్ల గొంతు పదకొండో ఎక్కం మొదలుపెట్టింది. తండ్రి గొంతు దాకా చేరాలంటే ముందు నా ఎక్కాలన్నీ వినాలి. రోజూ వినీ వినీ ఆ పిల్లకు వచ్చేశాయి. నా పద్ధతిలోనే, నేను ఆగిన చోటే ఆగుతూ. నా రికార్డింగులో ఒక తప్పుంది. పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరు అని, వెంటనే "కాదు, నూట ముప్పై ఆరు" అన్నాను. ఆ పిల్ల కూడా నూట ఇరవై ఆరు అంది, "కాదు, నూట ముప్పై ఆరు" అంది. పంతొమ్మిది పదులు నూట తొంభై దగ్గర నాలుకతో టక్‌మని చప్పుడు చేసింది. తర్వాత పల్లవి, రెండోసారి ఊపిరి చాలనట్టు ఒక ఆగడం. దగ్గు. చివరికి తండ్రి యాసలో, ఆయన సాగదీసినట్టే సాగదీస్తూ:

"ఐపాయె బిడ్డా. ఇంకా తిరుగుతనే ఉన్నదా? బంద్ చెయ్యి."

నేను బంద్ చేయలేదు. టేపు చివరిదాకా ఖాళీగా తిరగనిచ్చాను.

ఇప్పుడు నాకు నలభై దాటి చాలా ఏళ్ళయింది. లెక్కలు ఏ కాలేజీలోనూ చదువుకోలేదు గాని వాటితోనే బతుకుతున్నాను. పని చెడిపోయిందని ఎవరైనా నా ముందు కూర్చుని ఏడిస్తే, ఎంత పోయిందని అడగను, ఎంత మిగిలిందో చూద్దాం అంటాను. ఆ మాట నాది కాదు, మీసాలు తెల్లబడ్డ ఒక మేస్త్రీది. మామ ఊపిరి అంకెలు మూడు మాత్రం ఏ లెక్కలోనూ ఇమడక అలాగే ఉన్నాయి. ముప్పై ఒకటి, ఇరవై రెండు, పదిహేడు. వాటిని చూసి నేను ఒక్క మాట అడగలేదు. ఇవాళ్టికీ పదిహేడు ఎనిమిదుల దగ్గరికి వచ్చేసరికి ముందు తప్పే చెప్తాను, తర్వాత దిద్దుకుంటాను. ఎక్కడో కరీంనగర్ వైపు ఒక ఊళ్ళో, నాకంటే నాలుగేళ్ళు చిన్నదైన ఒకావిడ కూడా అక్కడే ఆగుతూ ఉంటుందని నా నమ్మకం.