ఉప్పునీళ్ళ జీపు

ఆ జీపు మా ఇంట్లో ఉన్నంత కాలం నేను సాయంత్రాలు ఒక చోట కుదురుగా కూర్చున్నది లేదు. పొయ్యి మీద కూరుంటే కూర మాడేది, చేతిలో పూలుంటే దండ సగంలో ఆగేది. చెవులు మాత్రం వీధి చివర ఉండేవి. బజారు మలుపులో దాని దగ్గు వినపడిందంటే మా ఆయన ఆ పూటకు బతికి ఇంటికొచ్చినట్టు. వినపడకపోతే వాకిట్లోకీ వంటింట్లోకీ తిరిగి తిరిగి నా కాళ్ళు పీకేవి.

మాది కావలి. నేను కాపురానికొచ్చేటప్పటికే ఆయన జువ్వలదిన్నెలో చేపలు కొని, కావలి స్టేషన్లో మద్రాసు రైలుకు వేసే వ్యాపారంలో ఉన్నారు. పొలం చూసుకోమని మా మామగారు ఎంత మొత్తుకున్నా వినకుండా, యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు మద్రాసులో వేలం వేసిన జీపొకటి తెచ్చుకున్నారట. స్టీరింగు ఎడమ వైపు. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి రోడ్డు ఆగిపోయిన చోట ఇది ఆగేది కాదు. మోకాటి లోతు ఇసకలో మూలుగుతూ అలల అంచుదాకా పోయేది. పడవ ఒడ్డుకు తగిలే వేళకు ఐసు పెట్టెలతో అక్కడ నిలబడి ఉండాలి. లేకపోతే ఆ రోజు చేప ఇంకొకరిది.

అరవైలు వచ్చేసరికి దానికి వయసు మీరింది. కాళ్ళు పెట్టుకునే చోట రేకు ఊడిపోయి కింద రోడ్డు పరిగెత్తడం కనపడేది. దాని మీద చెక్క వేశారు. దీపాన్ని వలతాడుతో కట్టారు. ఈ వారం ఒక స్ప్రింగు పట్టీ విరిగితే వచ్చే వారం ఇంకో గొట్టం పగిలేది. ఇంటికి వచ్చిన చుట్టాలు మా వాకిట్లో జీపును చూసి, పాపం అమ్మేశారా, ముక్కలుగా తీసుకుపోతున్నారా అని అడిగేవాళ్ళు. మా ఆయన పకపకా నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

అలా ఉండగా ఒకరోజు కాలువ గట్టు దిగుతూ బ్రేకు తొక్కితే కాలు నేరుగా కిందికి పోయిందట. తుప్పు తిన్న బ్రేకు గొట్టం అక్కడే పగిలింది. ఆయన జీపును పక్కకు తిప్పి సరుగుడు తోటలో ఇసక దిబ్బకు గుద్ది ఆపారు. నుదురు చీలింది. తలకు గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చి, ఆ దిబ్బే లేకపోతే బంగాళాఖాతంలోనే ఆపేవాణ్ణని హాస్యమాడారు. నేను నవ్వలేదు. ఆయనకు అన్నం వడ్డించి పెరట్లోకి పోయి, బావి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. నాకప్పుడు ఒళ్ళో ఒక బిడ్డ, కడుపులో ఒక బిడ్డ.

ఆనాటి నుంచీ మా ఇంట్లో ఒకటే రగడ. దాన్ని వదిలించుకోండి, కొత్తది తెండి అని నేను. ఈ ఒక్కసారికి బాగుచేయిద్దాం అని ఆయన. వ్యాను కొనమని కొందరు చెప్పారు కానీ, వ్యాను ఇసకలో నాలుగు గజాలు పోదని నాకూ తెలుసు. సరే, కొత్త జీపే తెండి, మద్రాసులో పేరు రాయించండి అన్నాను. కొత్త జీపుల రేకు పలచన అన్నారు. స్టీరింగు కుడి వైపుంటే చెయ్యి తిరగదన్నారు. చేతిలో డబ్బు లేక చెప్పే మాటలు కావవి. ఏదో దాస్తున్నారు. అదేమిటో తెలియక నాకు నిద్ర పట్టేది కాదు.

మా జీపు బాగుచేసే సాయిబుగారిని నేను అన్నా అని పిలిచేదాన్ని. ఒకరోజు బిడ్డను చంకనేసుకుని నేరుగా ఆయన షెడ్డుకే పోయాను. మా ఆయన లేని సమయం చూసే పోయాను. బాగుచేతకు వచ్చి ఉన్న మా జీపు కింద నుంచి సాయిబుగారు లేచి, స్క్రూడ్రైవరుతో చట్రాన్ని పొడిచి చూపించారు. పెళుసు అప్పడంలా పొరలు రాలాయి.

"ఇందులో ఇనుమేడుండాదమ్మా? తుప్పే ఒకదాన్నొకటి పట్టుకోని నిలబడుండాది" అన్నారు.

సముద్రపు గాలికి ఇంత తుప్పు పట్టదనీ, ఎవరో పనిగట్టుకుని ఉప్పునీళ్ళు పోస్తున్నట్టుందనీ కూడా అన్నారు. ఈ మాట మా ఆయనకు ఎప్పుడో చెప్పారట. ఆ మాట విన్నాక ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. మరుసటి రోజు బిడ్డను మా అత్తగారి దగ్గర పడుకోబెట్టి, నేనూ వస్తానని జీపెక్కి కూర్చున్నాను. ఆయన దిగమన్నారు. నేను దిగలేదు.

జువ్వలదిన్నెలో పడవలు అప్పుడే ఒడ్డుకు చేరుతున్నాయి. చేపను ఇసక మీద కుప్పలు పోస్తున్నారు. పడవకొక భాగం, వలలకొక భాగం, ఎక్కిన ప్రతి మనిషికీ ఒక భాగం. అన్నీ పంచాక పక్కన ఇంకో చిన్న కుప్ప మిగిలింది. అది ఎవరిదని అక్కడున్న ముసలావిడను అడిగాను.

"అది జీపుది" అంది ఆ అవ్వ, అదేం ప్రశ్న అన్నట్టు.

అంతకు ముందొక ఏడు తుఫాను వస్తుంటే మా జీపు తాడు కట్టి ఆ ఊరి పడవలన్నిటినీ దిబ్బ మీదికి లాగిందట. అప్పటి నుంచీ దాన్ని పడవల్లో కలుపుకున్నారు. రోజూ తాటాకు బుట్టలో ఆయన ఇంటికి తెచ్చే చేప, నేను పులుసు పెట్టి వంకలు పెడుతూ తినే చేప, ఆయన ఏరుకుని తెచ్చింది కాదు. జీపుకు వచ్చిన భాగం.

ఆ సంగతి నాకింకా పూర్తిగా ఎక్కనే లేదు, నలుగురు ఆడవాళ్ళు బిందెలతో సముద్రంలోకి దిగారు. నీళ్ళు తెచ్చి జీపు మీద గుమ్మరించారు. కొబ్బరి పీచు పెట్టి చక్రాలూ, అడుగూ, రేకుల సందులూ అన్నీ తోముతున్నారు. బిడ్డకు తలంటి పోసినట్టు ఎంత ప్రేమగా తోముతున్నారో. మా ఆయన దూరంగా నిలబడి నేల చూపులు చూస్తున్నారు.

ఆపండి ఆపండని నేను అడ్డం పోయాను. అవ్వ నాకు ఓపిగ్గా చెప్పింది.

"పడవకు తీపినీళ్ళు తగిల్తే చెక్క కుళ్ళిపోతాదమ్మా. ఉప్పునీళ్ళు పోస్తేనే గట్టిగా ఉంటాది. ఇది గూడా మన పడవే గదా."

"ఇది చెక్క గాదవ్వా, ఇనుము. ఉప్పు దీన్ని తినేస్తా ఉండాది. మీరు కడిగే కొద్దీ ఇది చస్తా ఉండాది. దీంతో పాటు ఆయన గూడా పోతారు."

నా గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. అవ్వ బిందె కింద పెట్టింది.

"మాకు తెలవదమ్మా. మీ బండి, మీ ఇష్టం" అంది.

తిరిగి వచ్చేటప్పుడు కాలువ గట్టు దగ్గర ఆయన జీపు నెమ్మది చేశారు. ఉప్పునీళ్ళ సంగతి నాకు తెలుసు అన్నారు. సాయిబుగారు చెప్పిన రోజే తెలుసట. వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పబోయినా నోరు రాలేదట. "వాళ్ళు దాన్ని తమలోకి తీసుకున్నారు. నా అంతట నేను బయటికి ఎట్ట లాక్కొచ్చేది?" అన్నారు. ఇనుము సంగతి వాళ్ళకు చెప్పడం తప్పని నేనప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పాను.

కొత్త జీపు వచ్చింది. బ్రేకులు పట్టేవి, దీపాలు వెలిగేవి, వీధిలోకి వచ్చినా చప్పుడుండేది కాదు. ఆయన వేళకు ఇంటికొచ్చేవారు. తాటాకు బుట్ట మాత్రం లేదు. ఇంట్లోకి చేప కావాలంటే అందరు వ్యాపారుల్లాగే బేరమాడి తెచ్చేవారు. అదే వంజరం చేప, అదే పులుసు, ఆయన సగం అన్నం వదిలేసేవారు. నన్నొక మాట అని ఉంటే నేను పది అని బరువు దించుకునేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఇంతకు ముందు ఆయన వస్తారో రారో అని తిరిగేదాన్ని. ఇప్పుడు ఆయన ఎదురుగా కూర్చుని ఉంటే తిరుగుతున్నాను.

చివరికి ఉండబట్టలేక మళ్ళీ ఒకరోజు వెంట పోయాను. కడుపులో బిడ్డ కూడా పుట్టి ఒళ్ళోకి వచ్చేసింది అప్పటికి. సముద్రం పోటు మీదుంది. పడవలను పైకి జరుపుకుంటున్నారు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ తాడు పట్టుకుని, ఇసకలో మడమలు దిగబడుతుంటే ఒళ్ళు వంచి లాగుతున్నారు. పక్కనే మా జీపు తళతళలాడుతూ నిలబడి ఉంది. లాగమని ఎవరూ అడగలేదు. మా ఆయన రెండు సార్లు తాడు దగ్గరికి పోయి, ఎవరూ ఇవ్వకపోతే వెనక్కి వచ్చారు. ఆయన మొహం చూడలేకపోయాను.

పసిదాన్ని ఆయన చేతిలో పెట్టాను. అవ్వ కాళ్ళ దగ్గరున్న బిందె తీసుకుని, చీర కుచ్చిళ్ళు దోపి సముద్రంలోకి దిగాను. అల వచ్చి నడుం దాకా తడిపింది. నిండు బిందె మోసుకొచ్చి కొత్త జీపు నెత్తిన గుమ్మరించాను.

"ఏందే ఇది, తుప్పు పడతాది" అన్నారు మా ఆయన.

ఇంకో బిందె తెచ్చాను. అవ్వ తాడు వదిలేసింది. తర్వాత కొబ్బరి పీచు తీసుకుని వచ్చి, నాకు తోమడం రాదని తిడుతూ చక్రం దగ్గర కూర్చుంది. తాడు కొస ఎవరో తెచ్చి జీపుకు కట్టారు.

ఆ రోజు నుంచీ అక్కడ వాళ్ళు ఉప్పునీళ్ళతో కడిగేవాళ్ళు, ఇంటికి రాగానే నేను మా పెరటి బావి నీళ్ళతో కడిగేదాన్ని. చేదతో తోడి, చట్రం సందుల్లోకి, చక్రాల వెనక్కి, బ్రేకు గొట్టాల వెంబడి విసిరి విసిరి కొట్టేదాన్ని. వేలు పెట్టి నాలుకకు రాసుకుని, ఉప్పు పోయేదాకా వదిలేదాన్ని కాదు. భుజాలు పడిపోయేవి. ఆయన అరుగు మీద కూర్చుని చూసేవారు. ఒకసారి నవ్వుతూ, అక్కడ వాళ్ళు కడుగుతున్నారు, ఇక్కడ నువ్వు కడుగుతున్నావు, నేనేమో కూర్చుని చూస్తున్నాను, నా బతుకు ఇదేనా అన్నారు.

నేను జీపు కింద నుంచి తల బయటికి పెట్టాను.

"బతికుండి చూస్తా ఉండారు గదా" అన్నాను. "నాకది చాలు."