కారణం రాయాల్సిన గడి

రికార్డుల అత్తయ్య ఒక్క వేలితో దేశంలోని ఆసుపత్రులన్నిటినీ ఆపేసింది. సరే, అన్నిటినీ కాదు. ఆపింది ఒక్క పెద్ద డాక్టరునే.

ఆసుపత్రి రికార్డుల గదిలో ముప్పయ్యేళ్లు ఫైళ్ల దుమ్ము మింగిన మనిషి ఆవిడ. ఇప్పుడు ఫైళ్లు పోయి కంప్యూటరు వచ్చింది. ఏ ఊరి రోగి వివరాలైనా అందులో చూడొచ్చు, ఆ రోగి తన ఫోనులో సరేనంటేనే.

ఒక మధ్యాహ్నం పెద్ద డాక్టరు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"చూడమ్మా, మావాడికి ఒక పిల్ల కుదిరింది. పాత జబ్బులేమైనా ఉన్నాయేమో తీసి చూపించు. అత్యవసరం అని కొట్టు, అప్పుడు కంప్యూటరు ఆ పిల్లని అనుమతి అడగదు."

"పిల్ల బాగానే ఉందిగా సార్. అత్యవసరం ఎవరికి?"

"మార్చురీకి మార్పించమంటావా నిన్ను?"

"మార్పించండి. అక్కడివాళ్లు నన్ను ఇలాంటివి అడగరు."

ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపు ఆవిడ అత్యవసరం వదిలేసి, మామూలు పద్ధతిలోనే అమ్మాయి అనుమతి కోరింది. కారణం రాయమన్న గడిలో ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ "కాబోయే మామగారి ఆరా" అని రాసి పంపింది.

రెండు నిమిషాల్లో తెరమీద జవాబు వచ్చింది: ఒప్పుకోను. ఆ వెంటనే పెద్ద డాక్టరు ఫోను మోగింది. చేసింది ఆయన కొడుకే.

మర్నాటికల్లా అత్తయ్య కుర్చీ మార్చురీకి చేరింది. ఆ పెళ్లి సంబంధం గొడవలోనే పెద్ద డాక్టరు మార్పించాడటగా అని అక్కడ ఎవరడిగినా ఆవిడది ఒకటే మాట.

"పెద్ద డాక్టరా? ఆయన నా గదికి ఎన్నడూ రాలేదు. ఏ పిల్లా లేదు, ఏ పెళ్లీ లేదు. ఎవరో మీ చెవిలో పువ్వు పెట్టారు."