అంగుళానికి ఎనిమిది అడుగులు

మొన్న శనివారం కిచెనర్‌లో మా అమ్మాయి పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి లైబ్రరీకి వెళ్ళినప్పుడు, లోపలికి పోయే దారిలో ఒక అద్దాల పెట్టెలో ఎవరో పెద్దమనిషి చేసి ఇచ్చిన తెరచాపల ఓడ బొమ్మ కనిపించింది. ఎంతో ఓపికతో చేసిన పనే, అయినా నా కళ్ళు ముందు దాని తాళ్ళ మీదికే పోయాయి. మామూలు నూలు దారం వాడాడు కాబోలు, ప్రతి తాడుకీ సన్నటి నూగు లేచి ఓడంతా బూజు పట్టినట్టుంది. తెరచాపలైతే గోనెగుడ్డల్లా ఉన్నాయి. మా ఆవిడా అమ్మాయీ ఎప్పుడు కారు దగ్గరికి వెళ్ళిపోయారో నాకు తెలియలేదు. కొన్ని వస్తువుల ముందు ఒకసారి నిలబడిపోతే మళ్ళీ కాలు కదపడం ఎంత కష్టమో నా వయసు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నేను ఈ దేశానికి వచ్చింది నలభై రెండో ఏట, విద్యార్థిగా. మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న సంవత్సరాలవి. కాకినాడలో నేను డ్రాయింగు పాఠాలు చెప్పే ప్రైవేటు పాలిటెక్నిక్ మూతపడితే, ఆ వయసులో మళ్ళీ పుస్తకాలు పట్టుకుని, భార్యనీ చిన్నపిల్లనీ అత్తవారింట్లో ఉంచి బయలుదేరాను. మొదటిరోజు క్లాసులో అడుగుపెడితే, వెనక వరసలో ఉన్న తెలుగు కుర్రాళ్ళు నన్ను లెక్చరర్ అనుకుని మాటలాపి సర్దుకుని కూర్చున్నారు. నేను వాళ్ళ పక్కనే ఖాళీ కుర్చీలో కూర్చుంటే నవ్వలేక నవ్వారు. తర్వాత వాళ్ళతోనే ఒక బేస్‌మెంటులో ఉన్నాను. మంచి పిల్లలు, అన్నం వండితే నాకూ తీసి పెట్టేవారు. కానీ అప్పటిదాకా కిలకిలలాడుతున్న వంటగది నేను వెళ్ళగానే గప్‌చుప్ అయిపోయేది. వాళ్ళ అల్లరికి నేను అడ్డమని తెలిసి నా ప్లేటు పట్టుకుని మంచం మీదికి వెళ్ళి తినేవాణ్ణి. అయిదుగురి మధ్య ఉంటూ అంత ఒంటరితనం పడతానని నేను ఎన్నడూ ఊహించలేదు.

అందుకే మిల్టన్‌లో ఒక రిటైరైన తెలుగు డాక్టరుగారింట్లో గది ఖాళీగా ఉందని తెలిసి, కాలేజీకి రైల్లోనూ వాన్ అనే పక్క ఊళ్ళోని గిడ్డంగి పనికి ఇంకొకరి కార్లోనూ పోవలసివస్తుందని తెలిసీ అక్కడికి మారిపోయాను. ఆయనది గుంటూరు వైపు. నలభై ఏళ్ళు ఆపరేషన్లు చేసిన సర్జన్. భార్యకి మతిమరుపు జబ్బు ముదిరి, ఊళ్ళోనే ఒక కేర్ హోమ్‌లో ఉండేది. రోజూ నాలుగింటికి, మంచు పడుతున్నా సరే, కోటు వేసుకుని ఆవిణ్ణి చూడడానికి వెళ్ళేవారు. మిగతా వేళంతా భోజనాల బల్ల మీద దీపం పెట్టుకుని, భూతద్దం కళ్ళజోడుతో ఏదో చెక్కుతూ కూర్చునేవారు. నెలరోజుల పాటు మా మధ్య నడిచిన సంభాషణంతా హీటరు గురించీ చెత్తబండి వచ్చే రోజు గురించీ మాత్రమే.

ఒకరోజు నీళ్ళకోసం వెళితే తల ఎత్తకుండానే అడిగారు, "మీది ఈస్ట్ గోదావరి కదూ. ఏ ఊరు?"

"తాళ్ళరేవు దగ్గరండీ. మా నాన్నగారు పడవలు కట్టేవారు."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను మొదటిసారిగా చూశారు. "ఇన్నాళ్ళూ చెప్పరేమండీ? రండి, కూర్చోండి. ఈ చెక్క మీ చేత్తో పట్టుకుని చూడండి."

బల్ల మీద జానెడు కంటే కాస్త పొడవైన ఓడ ఎముకలగూడులా ఉంది. అంగుళానికి ఎనిమిది అడుగుల లెక్కన కడుతున్నారట. అంటే నా అంత మనిషి ఆ ఓడ మీద నిలబడితే ముప్పాతిక అంగుళం కూడా ఉండడు. అంత చిన్న కొలతలో ఏ చెక్క పెట్టాలి, ఏ దారం కట్టాలి అన్నదే అసలు సమస్య అనీ, కట్టడం ఆ తర్వాత సంగతనీ ఆయన చెప్పారు. మెత్తగా ఉంటుందని బాల్సా చెక్క తెచ్చి చూశారట, అంచులు పీచులు లేచిపోయాయి. ఓక్ తెస్తే దాని రంధ్రాలు ఆ కొలత మనిషి తల దూరేటంత పెద్దవిగా కనబడ్డాయి.

నా పెట్టెలో, బట్టల మధ్య, మా నాన్న ఆఖరి పడవ కట్టినప్పుడు మిగిలిన టేకు ముక్క ఒకటి ఉండేది. ఆయన పోయిన తర్వాత నేను తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. పడవ అంటే టేకే కదా అన్న ధీమాతో, మర్నాడు దాన్ని తీసుకువెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆ ఇవ్వడం నాకు ఎంత పెద్ద విషయమో ఆయనకి తెలియదు. భూతద్దంతో అటూ ఇటూ తిప్పి చూసి, "చక్కటి కలపే. కానీ మనకి పనికిరాదండీ. దీని ఈనె, అదే ఈ చార, ఒక్కొక్కటీ ఈ ఓడకి మోకంత లావు," అన్నారు.

నేను ముక్క తీసుకుని గదిలోకి వెళ్ళిపోయాను. వారం రోజులు ఆ బల్ల వైపు పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ రోజుల్లో ఒక్క మాట చాలు, మనసు పూర్తిగా చితికిపోయేది.

ఆదివారం పొద్దున్న ఆయనే నా తలుపు తట్టారు. చేతిలో రెండు చిన్న పలకలు. ఒకదాని మీద టేకు బద్దలు, రెండోదాని మీద బేరిపండు చెట్టు చెక్క బద్దలు, ఓడ పక్కభాగంలాగే వరసగా అతికించి తెచ్చారు. "మీ నాన్నగారి ముక్కని కొయ్యబుద్ధి కాలేదు. వేరే టేకు తెప్పించాను. కిటికీ దగ్గర పెట్టి మీరే చెప్పండి," అన్నారు. పెట్టి చూశాను. టేకుది అచ్చం పిల్లల బొమ్మలా ఉంది. ఈనె కనబడని ఆ బేరి చెక్క మాత్రం, మా రేవులో నూనె పూసి ఎండబెట్టిన పడవ పక్కలాగే ఉంది. ఒక అద్దెవాడి అలక తీర్చడానికి వణికే చేతులతో ఆయన ఎన్ని గంటలు కూర్చున్నారో ఆ అతుకులు చూస్తే తెలిసిపోయింది. ఆ రోజు నుంచి నాకూ ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ఏర్పడింది.

దారం ఆయన విద్య. ఆపరేషన్లలో కుట్లు వేసే పట్టుదారం ముందు ప్రయత్నించి, మోకు ఎక్కడైనా మెరుస్తుందా అని ఆయనే పక్కన పెట్టేశారు. చివరికి లినెన్ దారాన్ని తేనెమైనం మీద లాగి, నూగు అణిగిపోయాక వాడేవాళ్ళం. ఒంటి చేత్తో ముడి వేయడం చూపించబోయి, వేళ్ళు వణికి దారం జారిపోతే, ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెట్టేవారు. చాపలు వేలాడే అడ్డకొయ్యలకి వెదురు నా సలహా. కూరగాయలు గుచ్చి కాల్చే పుల్లల్ని చీల్చి, ఇనప రేకులో వరసగా చేసిన చిల్లుల్లోంచి పెద్దదాని తర్వాత చిన్నదానిలోంచి లాగితే, సూదంత సన్నమై కూడా వంగకుండా నిలిచేవి. ఆయన ముచ్చటపడి, "ఇది మా పుస్తకాల్లో చదివి చెప్పింది కాదు, మీ రక్తంలోంచి వచ్చింది," అన్నప్పుడు, ఈ దేశంలో నేనూ ఏదో తెలిసినవాణ్ణని ఒకరు అనడం అదే మొదటిసారి అనిపించింది.

ఇంత తాపత్రయం ఎందుకో తెరచాపల దగ్గరికి వచ్చాక గాని చెప్పలేదు. ఆయన భార్య కాకినాడలో, ఉప్పుటేరు గట్టున పెరిగిన మనిషి. తండ్రి పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ ఓడల ముచ్చట్లు చెప్పబోతే, ఆయనకి ఎప్పుడూ హాస్పిటల్ నుంచి ఫోను వచ్చేదట. ఇప్పుడు పిల్లల పేర్లు కూడా మరిచిపోయి, ఓడ వచ్చిందా, చాప ఎత్తారా అని మాత్రం అడుగుతోంది. "అడిగినప్పుడు చూపించడానికి నా దగ్గర ఏముందండీ?" అన్నారాయన. అదీ మరచిపోయేలోగా పూర్తి చేయాలని ఆయన ఆత్రం.

చాపకి మాత్రం ఏ గుడ్డా కుదరలేదు. రుమాలు, పట్టు, పంచె అంచు, ఏది పెట్టినా ఆ కొలతలో నేత పోగులు కడ్డీల్లా కనబడేవి. ఒక మధ్యాహ్నం నన్ను కూడా కేర్ హోమ్‌కి తీసుకువెళ్ళారు. కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని, పిట్టలా ఉంది ఆవిడ. నేను నమస్కారం పెడితే, "ఏ ఊరు బాబూ మీది?" అని చక్కటి మా వైపు తెలుగులో అడిగింది. తాళ్ళరేవు అనగానే మొహం విప్పారింది. అప్పటి ఓడలకి తెల్ల తెరచాపలు ఉండేవా అండీ అని అడిగాను.

"తెల్ల చాపలెక్కడియ్యా! బెరడు రంగు పట్టించేవోరు కదా. అన్నీ మాసిపోయి, అతుకులే ఆయ్. అతుకు లేని చాప నేనైతే చూళ్ళేదు."

డాక్టరుగారు జేబులోంచి ఏదో రసీదు తీసి దాని వెనక గబగబా రాసుకున్నారు. ఇంటికి వచ్చాక గుడ్డల ఆలోచనే మానేసి, ఉల్లిపొర లాంటి పలచటి కాగితాన్ని టీ డికాషన్‌లో నానబెట్టి ఆరబెట్టాం. సన్నని పట్టీలుగా కోసి, ఒకదాని అంచు మీద ఒకటి అతికించి, అక్కడక్కడ ముదురు రంగు అతుకులు వేశాం. ఊదితే నిజం చాపలా గాలి పోసుకుంది.

ఓడ మీది మూడు నిలువు కొయ్యల్లో రెండింటికి చాపలు కట్టేసరికి కరోనా వచ్చింది. హోమ్ తలుపులు మూసేశారు, కిటికీ బయట నుంచి చూడమన్నారు. కరగని మంచు కుప్పల మధ్య, ఓడని అట్టపెట్టెలో పెట్టుకుని నడిచి వెళ్ళాం. మూడో కొయ్య ఇంకా బోడిగానే ఉంది. లోపల నర్సు ఆవిడ చెవి దగ్గర ఫోను పట్టుకుంది, బయట నేను డాక్టరుగారి ఫోను స్పీకర్ పెట్టి పట్టుకున్నాను. ఆయన రెండు చేతులతో ఓడని అద్దం దగ్గర ఎత్తి పట్టుకున్నారు. ఆవిడ కాసేపు అయోమయంగా చూసి, తర్వాత గట్టు మీద నిలబడి చూసేవాళ్ళలాగా కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇంకా చాలా దూరంలో ఉందండీ," అంది ఫోన్లో. "ఇంతే ఉంది చూడండి. రావడానికి పొద్దుపోద్ది."

"వస్తుందిలే. చూస్తూ ఉండు," అన్నారాయన. ఆయన చేతులు వణుకుతుంటే ఓడ నీళ్ళ మీద ఉన్నట్టే కదిలింది. ఆవిడ చెయ్యి దించకుండా చూస్తూనే ఉంది. మేము ఎంతసేపు నిలబడ్డామో గాని, నా వేళ్ళు మొద్దుబారిపోయాయి.

ఆకులు రాలే రోజుల్లో ఆవిడ పోయింది. ఆయన మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. ఒకసారి మాత్రం, "మూడో కొయ్యకి చాపలు మీరు కడతారా?" అని అడిగారు. చూద్దాం సార్ అన్నాను. ఇంతలో నాకు కిచెనర్‌లో డ్రాఫ్టింగు ఉద్యోగం దొరికింది, భార్యకీ పిల్లకీ వీసాలు వచ్చాయి, ఇల్లు వెతుక్కోవడంలో పడిపోయాను. ఆయన మిల్టన్ ఇల్లు అమ్మి వాంకూవర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళేటప్పుడు, మూడో కొయ్య బోడిగానే ఆ ఓడ ఆయనతో వెళ్ళింది. నాలుగు సాయంత్రాల పని, చేయలేకపోయాను అంటే అది అబద్ధం, చేయలేదు. తర్వాత కొన్నాళ్ళు ఫోన్లో మాట్లాడుకున్నాం. ఆయన చాపల మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పోయినేడు ఆయన కూతురు ఫోను తీసి, నాన్నగారు లేరని ఇంగ్లీషులో చెప్పింది.

ఇప్పుడు కాలేజీల్లో ఆ గుంపులు లేవంటున్నారు. అప్పటి నా బేస్‌మెంటు కుర్రాళ్ళు ఇళ్ళు కొనుక్కుని, గృహప్రవేశాలకి నన్ను పిలిచి, అదే గౌరవంతో అంకుల్ అంటున్నారు. మా అమ్మాయి నేను తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పి తన గదిలోకి వెళుతుంది. మా ఆవిడకి ఇక్కడ నాకంటే ఎక్కువమంది స్నేహితులు. ఆ రోజుల్లో ఒంటరితనానికి ఒక కారణం ఉండేది, అది తీరే రోజు కోసం క్యాలెండర్లో గళ్ళు కొట్టుకుంటూ పోయేవాణ్ణి. ఇప్పుడు అందరూ ఇంట్లోనే ఉన్నారు. గళ్ళు కొట్టడానికి తేదీ అంటూ ఏదీ లేదు.