సామేలుకు పొలమారిన పొద్దు

నంద్యాల బస్టాండు దాటి మా ఆసుపత్రి వైపు తిరిగే మలుపులో ఒకతను బండి మీద ఇసుకలో బుడ్డలు వేయిస్తుంటాడు. వేరుశనగలను మా వైపు బుడ్డలంటాం. పొద్దు వాలే వేళకు ఆ కమ్మటి వాసన ఆటోల పొగను దాటుకుని నా గది కిటికీ దాకా వస్తుంది, లోపల కూర్చున్నవాళ్లకు నోరూరుతుంది, నాకు మాత్రం పళ్లు నూరుకోవాలనిపిస్తుంది. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టరును. పిల్లల ఊపిరి గొట్టాల్లో ఇరుక్కున్న బుడ్డలూ చింతగింజలూ పెన్ను మూతలూ తీయడం నా పని. సేవాభావంతో ఈ చదువు చదివావా అని చర్చిలో పెద్దవాళ్లు అడుగుతుంటారు. కాదు, కక్షతో చదివాను. ఆ కక్ష మా మేనత్త మరియమ్మ మీద.

ఆళ్లగడ్డకు ఆవల ఎర్రనేలల్లో మా ఊరు. చలి ముదిరే రోజుల్లో బుడ్డచెట్లు పెరికి కుప్పలు వేస్తే ఊరంతా పచ్చి వేళ్ల వాసన, తడిమట్టి వాసన, వాకిళ్లలో ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయలు తెంపుతూ చెప్పుకునే కబుర్లు, పొయ్యి మీద ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చికాయల ఆవిరి, జొన్నరొట్టెలో నంజుకునే బుడ్డల పచ్చడి, బెల్లం పాకం ఇంకా వేడిగా ఉండగానే అరచేతులు కాలుతున్నా చుట్టే ఉండలు. మొదటి మూట కోత పండుగకు చర్చికి పోవాలి. అది పోయేదాకా మూటల మధ్య మేం పిల్లలం దాగుడుమూతలాడేవాళ్లం, ఒళ్లంతా ఎర్రదుమ్ముతో ఇంటికొస్తే అమ్మ దులిపి దులిపి విసుక్కునేది.

ఇంట్లో పెత్తనం మాత్రం అమ్మది కాదు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికొచ్చి, తల్లిలేని మా నాయనను పెంచి పెద్దచేసిన మరియమ్మత్తది. తెల్లచీర, నడుముకు తాళాలగుత్తి, వేళ్ల మధ్య ఎప్పుడూ చిటికెడు నశ్యం. ఆమె ప్రార్థన మొదలుపెడితే వీధి చివరికి వినపడేది. బడిలో పిల్లలను గడగడలాడించే మా నాయన ఆమె ముందు తలెత్తి ఒక్క మాట అనేవాడు కాదు.

అన్నం తింటూ ఎవరికైనా పొలమారితే మాడు మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని అనడం తెలుగువాళ్ల ఇళ్లలో ఉన్నదే. మా అత్త దాన్నొక ఆట చేసింది. మాడు మీద తడుతూ ఒక్కొక్కరి పేరే చెప్పుకుంటూ పోయేది. ఏ పేరు దగ్గర దగ్గు ఆగితే వాళ్లు తలుచుకున్నట్టు లెక్క. మాకు ఆ ఆట ఎంత ఇష్టమంటే, ఉత్తుత్తి దగ్గు దగ్గి మరీ తట్టించుకునేవాళ్లం.

ఒక ఏడు కోత పండుగ ముందర ఒక మధ్యాహ్నం, అత్త వాకిట్లో కూర్చుని వేయించిన బుడ్డలు అరచేతిలో నలిపి, పొట్టు ఊది, ఒక్కొక్కటే ఎగరేస్తుంటే మా తమ్ముడు సామేలు నోరు తెరిచి పట్టుకుంటున్నాడు. వాడికి ఇంకా మాటలు కూడా సరిగ్గా తిరగవు. పకపకా నవ్వుతూ ఎగిరి ఒకటి పట్టుకున్నాడు, ఆ నవ్వులోనే పొలమారింది. ముఖం కందగడ్డయింది, కళ్లు తేలేశాడు. అత్త మాడు మీద తట్టడం మొదలుపెట్టింది. నాయన పేరు చెప్పింది, పాస్టరయ్య పేరు చెప్పింది, సంజామలలో ఉండే మా అబ్బ, అంటే అమ్మ వాళ్ల నాయన పేరు చెప్పగానే దగ్గు ఆగింది. వాకిలంతా నవ్వింది. నేనూ చప్పట్లు కొట్టాను.

"చూస్తివా, అబ్బ తలుచుకుంటాండాడు" అంది అత్త.

దగ్గు ఎందుకు ఆగిందో నేనిప్పుడు నిద్రలో అడిగినా చెప్తాను. బుడ్డ బయటికి రాలేదు. గొంతు దాటి, కుడి ఊపిరితిత్తికి పోయే గొట్టంలోకి జారి కూర్చుంది. అట్లా కూర్చున్నాక కొంతకాలం ఒళ్లు ఊరుకుంటుంది, అందరూ గండం గడిచిందనుకుంటారు. లోపల ఆ గింజ తేమకు ఉబ్బుతుంది, దాని నూనెకు చుట్టూ వాస్తుంది, కింద చీము పడుతుంది. జలుబంటారు, ఆయాసమంటారు, సీసాలు సీసాలు మందు తాగిస్తారు. గొట్టం వేసి ఆ గింజ తీస్తే తప్ప ఆ మందులేవీ పనిచేయవు.

మా అమ్మ ఏ చదువూ లేకుండానే ఆ రోజే పట్టేసింది. పిండిచేతులతో పరుగెత్తుకొచ్చి వాడి రొమ్ముకు చెవి ఆనించింది. ఎడమపక్క ఊపిరి మామూలుగా ఆడుతోంది, కుడిపక్క సన్నగా ఈల వేస్తోంది.

"వదినా, ఆ బుడ్డ యాడికీ పోలేదు. వాని ఎదలోనే ఉండాది" అంది.

అత్త ముఖం మాడిపోయింది. అమ్మ చెప్పింది నిజమైతే ఆ గింజ వేసిన చెయ్యి ఎవరిదో కూడా నిజమవుతుంది. ఆ నిజాన్ని ఆమె ఇంటి గడప దాటనివ్వలేదు. వాడికి జ్వరమొచ్చింది, రాత్రులు పిల్లికూతలొచ్చాయి, ఊళ్లో మందులిచ్చే అతను జలుబు మందు మార్చి మార్చి ఇచ్చాడు, అత్త రొమ్ముకు నూనె రాసి ప్రార్థన చేసింది. నంద్యాలకు తీసుకుపోతానని అమ్మ ఎన్నిసార్లు వాణ్ణి చంకనెత్తుకుని బయల్దేరిందో అన్నిసార్లూ అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఈడ ఏం మునిగిందని పోతాండావ్? పండుగ ముందర ఇంటి పరువు తీస్తావా?"

నాయన నేల చూశాడు. పండుగ అయింది, మా బుడ్డల మూట చర్చిలో అందరికంటే ముందు వరసలో నిలబడింది. పెదవులు నీలంగా మారాక గానీ సామేలు నంద్యాల చేరలేదు. అక్కడి డాక్టరు ఎక్సరే చూసి, గొట్టంలో ఏదో అడ్డముంది, వెంటనే కర్నూలుకు తీసుకుపోండని జీపెక్కించాడు. దారిలో వాడు గట్టిగా దగ్గాడు. కదలిన గింజ పైకొచ్చి గొంతుకు అడ్డం పడింది. అమ్మ ఒడిలోనే పోయాడు, నేను పక్కనే ఉన్నాను.

సమాధి దగ్గర అత్త అందరితో చెప్పింది, తల్లి చన్నీళ్లు పోసి పిల్లోణ్ణి చంపుకుందని. ఊరు నమ్మింది. అమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేను మాత్రం మరచిపోలేదు, మరచిపోను కూడా.

ఇప్పుడు నాయన లేడు. మా ఎర్రచేను ప్లాట్లయి, అందులో తెల్లరాళ్లు మొలిచాయి. కోత పండుగకు మూటలు పోయి డబ్బుల కవర్లొచ్చాయి. పక్షవాతమొచ్చి మూతి వంకరపోయిన మరియమ్మత్త, వేరే దిక్కులేక, నంద్యాలలో మా ఇంట్లో ఉంది. మింగడం సరిగ్గా రాదు కాబట్టి చిక్కటి జావ, మెత్తగా మెదిపిన సంగటి తప్ప ఏమీ పెట్టను. బుడ్డలు కావాలని ఆమె చెయ్యి చాచినప్పుడల్లా, గొంతుకు అడ్డం పడతాయి అత్తా అని నిదానంగా, ఒక్కొక్క అక్షరం వినపడేట్టు చెప్తాను. నా వైద్యాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. నాకది ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

మొన్న ఆదివారం అమ్మ పచ్చడికని చేటలో బుడ్డలు ఒలుస్తోంది. అత్త మంచి చెయ్యి జాపి ఒకటి నోట్లో వేసుకుంది. కాసేపటికి గొంతు పట్టుకుంది. దగ్గు లేదు, శబ్దం లేదు, పెదవులు నల్లబడుతున్నాయి. పనిపిల్ల పరుగెత్తుకొచ్చి మాడు మీద తట్టబోతే ఆ చెయ్యి విసిరికొట్టాను. ఆమె అంత సులువుగా పోతే నేను ఊరుకుంటానా? ముందుకు వంచి, రొమ్ముకు ఒక చెయ్యి ఆసరా ఇచ్చి, రెండు రెక్కల నడుమ అరచేతి మొదలుతో కొట్టాను. అంత బలంగా కొట్టమనే మా చదువు చెప్తుంది. ఇన్నేళ్లూ ఆ వీపు మీద కొట్టాలని ఎంత మొక్కుకున్నానో, అంతా ఆ దెబ్బల్లో పెట్టాను. ఐదో దెబ్బకు గింజ ఎగిరి నేల మీద పడింది. లేకుంటే పొట్ట మీద పిడికిలి పెట్టి పైకి నొక్కాల్సొచ్చేది.

అత్తకు ఊపిరి తిరిగింది. కళ్లు తుడుచుకుని, వంకరపోయిన మూతితో, అలవాటు కొద్దీ గొణిగింది, ఎవరో తలుచుకుంటాండారని.

"నేనే అత్తా. సామేలు పోయినప్పటి నుంచి నేనే" అన్నాను.

అమ్మ లేచి, నేల మీది గింజను ఏరి, కొంగుతో తుడిచి, అత్త అరచేతిలో పెట్టింది.

"ఇదే వదినా. ఆ పొద్దు నేను చెప్పింది ఇదే."

అత్త దాన్ని పారేయలేదు, పిడికిలి మూయనూ లేదు. అమ్మ చేట ముందుకు లాక్కుని మిగిలినవి ఒలవడం మొదలుపెట్టింది.