అమ్మవారి మలుపులో పది నిమిషాలు

మా సాలూరులో లారీ లేని ఇళ్ళు చాలానే ఉన్నాయి గానీ, లారీల గురించి మాట్లాడుకోని ఇల్లు మాత్రం లేదు. మా నాన్న మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. లారీలతో నాకున్న సంబంధమల్లా వంటింటి కిటికీలోంచి హారన్ విని తిట్టుకోవడమే. అందుకే లారీ యజమానుల సంఘం అధ్యక్షుడు ఓ రోజు మా వరండాలో కూర్చుని, "టీచరమ్మా, నువ్వు మా కమిటీలో కూకోవాల" అన్నప్పుడు నవ్వొచ్చింది. ఆయన మా అన్నయ్యతో కలిసి చదువుకున్నాడు. ఆ చనువుతో నన్ను నువ్వు అంటాడు.

"నాకు క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలీదు" అన్నాను.

"అదే కావాల మాకు. నీకు లారీ నేదు, లారీ ఉన్న సుట్టాలూ నేరు. అడగడం మొదలెడితే ఒగ్గవని మా పిల్ల సెప్పేది."

వాళ్ళమ్మాయి నా స్టూడెంటు. నాకు స్కూల్లో 'ఎందుకు టీచరు' అని పేరుండేది. నాకు తెలీదనుకునేవాళ్ళు పాపం.

ఒడిశా వైపు ఘాట్‌రోడ్డులో బండి పడితే సంఘం తరఫున ముగ్గురు వెళ్ళి చూసి రావడం ఇక్కడ పాత అలవాటు. ఒక మెకానిక్, ఒక పాత డ్రైవరు, లారీలతో సంబంధం లేని ఒక బయటి మనిషి. పోలీసులు కేసు చూసుకుంటారు, బీమా వాళ్ళు నష్టం చూసుకుంటారు. బండి అసలు ఎందుకు పడిందన్నది ఈ ముగ్గురూ తేల్చాలి. అంతకుముందు బయటి మనిషిగా ఉన్న పోస్టుమాస్టరుగారు బదిలీ అయిపోయారు. ఆ కుర్చీ నాకొచ్చింది.

ఒప్పుకునే ముందు నాలుగు రోజులు గడువడిగి, నా అలవాటు కొద్దీ చదువుతూ కూర్చున్నాను. కొన్ని దేశాల్లో రైలు పడినా, ఓడ మునిగినా, విమానం కూలినా కారణం వెతకడానికే వేరే సంస్థలు ఉన్నాయట. శిక్ష వేయడం వాళ్ళ పని కాదు. సిఫార్సు చేస్తారు, అంతే. మన దేశంలో రైలు ప్రమాదాలను విచారించే అధికారులు రైల్వే శాఖ కింద కాకుండా విమానాల శాఖ కింద ఉంటారని చదివి ఆశ్చర్యపోయాను. కాసేపాగి ఆలోచిస్తే సబబేననిపించింది. జీతమిచ్చే వాడి తప్పు ఎత్తిచూపడం ఎంత కష్టమో, హెడ్‌మాస్టరు తప్పు చెప్పి మూడేళ్ళు టైంటేబుల్లో చివరి పీరియడ్లు మోసిన నాకు తెలుసు.

అధ్యక్షుడికి నా షరతులు చెప్పాను. మా దగ్గర ఎవరేం చెప్పినా, వాళ్ళు ఒప్పుకుంటే తప్ప బయటికి రాదు. రిపోర్టు ముందుగా ఆయనకి చూపించను. సంఘం మీటింగులో, డ్రైవర్లని కూడా కూర్చోబెట్టి, అందరి ముందూ చదువుతాను. తప్పెవరిదో రాయను, ఎందుకైందో రాస్తాను. ఆయన తల గోక్కుని, "అలాగే కానీ" అన్నాడు. తొలి విచారణ తన లారీ మీదే జరుగుతుందని ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

వానాకాలం వెళ్ళాక ఒక మధ్యాహ్నం, నీలగిరి చెట్ల దుంగల లోడుతో దిగుతున్న ఆయన లారీకి బ్రేకులు పట్టలేదు. లోయ వైపు పోకుండా డ్రైవరు బండిని కొండ వైపు కాలవలోకి తోసేశాడు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. బండిలో ఇంకెవరూ లేరు. సాయంత్రానికల్లా టీకొట్ల దగ్గర తీర్పైపోయింది. కునుకు తీసుంటాడన్నారు కొందరు, తాగుంటాడన్నారు ఇంకొందరు. మా రిపోర్టులో 'డ్రైవరు నిర్లక్ష్యం' అనే రెండు మాటలు పడితే సాలూరులో ఇంకెవరూ అతని చేతికి స్టీరింగు ఇవ్వరు. అతనికి ఇంకో పని రాదు.

మెకానిక్ బండి చక్రాలు విప్పాడు. బ్రేకులకి గాలి పంపే గొట్టాలు బాగున్నాయి, ఎక్కడా లీకు లేదు. నేను పక్కనే చతికిలబడి అదేటి, ఇదేటి అని అడుగుతుంటే, అతను ఓపిగ్గా ఒక బ్రేకు డ్రమ్ము తిప్పి చూపించాడు. ఇనుము మీద నీలం రంగు తేలివుంది.

"బాగా కాలితే ఇలగొస్తాది. బ్రేకు నొక్కితే లోపల్నుంచి డ్రమ్ముని పట్టాల్సింది లైనరు. అది కాలిపోతే పట్టుకోదు, జారిపోద్ది."

"మరి అందరి బళ్ళూ అదే ఘాట్ దిగుతాయి కదా, ఇదే ఎందుకు కాలింది?"

"అది మీరే కనుక్కోవాల" అని నవ్వాడు. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. అతని షెడ్డుకొచ్చే బళ్ళల్లో సగం అధ్యక్షుడివే. మా కమిటీలోని పాత డ్రైవరు కూడా ఆయన బండే తోలుతాడు. నేను తప్ప మిగతా ఇద్దరి కూడూ ఆయన చేతిలోనే ఉందని నాకు అప్పుడు తట్టింది. ఇదేం కమిటీరా దేవుడా అనుకున్నాను.

డ్రైవరు ఇంట్లో మంచం మీద కట్టుతో ఉన్నాడు. భార్య నాకు స్టూలు వేసి, వాకిట్లోకి వెళ్ళి కూర్చుంది. ఏం అడిగినా "నాదే తప్పమ్మా, రాసేసుకోండి" అంటున్నాడు. ఒళ్ళు మండింది. తప్పు ఎవరిదని నేనడగలేదు కదా అన్నాను. ఆ రోజు ఎక్కడెక్కడ ఆగావో చెప్పమన్నాను. అతను వాకిలి వైపు ఒకసారి చూశాడు.

"ఇది ఎవులికీ సెప్పరు కదా?"

"నువ్వు ఒప్పుకోకపోతే చెప్పను."

అప్పుడు చెప్పాడు. ఘాట్ సగం దిగాక ఒక మలుపులో చిన్న అమ్మవారి గుడి ఉంది. పాతకాలం నుంచీ దిగే బళ్ళన్నీ అక్కడ ఆగి, కొబ్బరికాయ కొట్టి, టీ తాగి కదిలేవి. ఈ మధ్య బండి ఎక్కడుందో ఫోన్లో కనపడే యంత్రం పెట్టారు. ఆగితే చాలు, అధ్యక్షుడి నుంచి ఫోను. "ఏటి ఆగిపోనావని అడుగుతాడు. పాపం తిట్టడు. కానీ రోజూ అడిగితే తిట్టినట్టే ఉంటాది కదమ్మా. అందుకే ఆగడం మానేసినాను. బండి తోల్తానే దండమెట్టేసి దిగిపోతన్నాను."

అదంతా ఒక కాగితం మీద రాసి, అతనికి చదివి వినిపించి, సంతకం పెట్టించి, అతని ఎదుటే కవర్లో పెట్టి గమ్ము అంటించాను. ఇంటికొచ్చాక గానీ నా తిక్క తెలివి నాకే అర్థం కాలేదు. మధ్యలో ఆగకపోతే డ్రమ్ములు చల్లారవు. కారణం చేతికి దొరికింది, దాన్ని నేనే మూసి అంటించేశాను. మాట తప్పితే ఇతని ఉద్యోగం పోతుంది, నిలబెట్టుకుంటే ఇతని మీద నింద ఉండిపోతుంది.

మూడో రోజు పాత డ్రైవరుతో, "నేను మీ బండిలో ఘాట్ దిగుతాను, అమ్మవారి మలుపులో ఆపుతారా?" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. ఆయనకి తెలీకపోవడమేముంది.

కేబిన్ అంత ఎత్తుంటుందని అనుకోలేదు. మలుపు తిరిగినప్పుడల్లా నేను సీటుని గట్టిగా పట్టుకుంటుంటే ఆయన ముసిముసిగా నవ్వుకున్నాడు. మలుపులో బండి ఆగగానే దిగి, వెనక చక్రం దగ్గర అరచెయ్యి చాపాను. వేడికి జానెడు దూరంలో కూడా చెయ్యి నిలవలేదు. గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఆవిడ, "ఏటో తల్లీ, ఇప్పుడు ఎవులూ ఆగట్నేదు. అమ్మోరికి కేబిన్లోంచే దండాలు" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే పాత డ్రైవరుకి అధ్యక్షుడి ఫోనొచ్చింది. ఆయన నాకేసి చూసి స్పీకరు నొక్కాడు.

"ఒరే, బండేటి ఆగిపోనాది?"

"కాయ కొట్టడానికి మావా."

"బేగి కదులు మరి."

నేను గడియారం చూశాను. బండి ఆగి రెండు నిమిషాలు కాలేదు. పది నిమిషాలయ్యాక మళ్ళీ చెయ్యి చాపాను. ఈసారి నాలుగు వేళ్ళ దూరం వరకూ తీసుకెళ్ళగలిగాను. దిగుతున్నంతసేపూ నాకు ఒకటే సంబరం. కవరు తెరవక్కర్లేదు. నా చెవులతో నేనే విన్నాను.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ఒక పేజీ కూడా కాలేదు. డ్రమ్ములు కాలిపోవడం, మలుపులో ఆగడం తగ్గిపోవడం, ఆగిన బండికి ఫోను రావడం రాశాను. సిఫార్సు ఒకటే. దిగే ప్రతి బండీ అమ్మవారి మలుపులో పది నిమిషాలు ఆగాలి, ఆ పది నిమిషాలూ ఎవరూ ఫోను చేయకూడదు.

సంఘం హాల్లో యజమానులు కుర్చీల్లో కూర్చున్నారు, డ్రైవర్లు గోడ వెంబడి నిలబడ్డారు. కాలు విరిగిన డ్రైవర్ని కూడా ఆటోలో తీసుకొచ్చారు. నేను చదివాను. ఒక యజమాని, "కిరస్తానీవి నువ్వు, అమ్మోరి కాడ ఆగమని రాసినావేటి?" అన్నాడు. హాలంతా నవ్వింది.

"అమ్మవారి కోసం కాదు, డ్రమ్ముల కోసం. కాయ కొట్టేవాళ్ళు కొట్టండి, కొట్టనివాళ్ళు టీ తాగండి" అన్నాను.

అధ్యక్షుడు నవ్వలేదు. "ఆగొద్దని నేనెప్పుడైనా సెప్పినానా? ఎవుల్నైనా సెప్పమను."

డ్రైవర్లంతా గోడకి ఇంకాస్త ఒదిగారు. ఆ కవరు నా సంచిలో ఉంది. నా చెయ్యి సంచి మీదకి వెళ్ళడం కాలు విరిగిన డ్రైవరు చూశాడు. అతని మొహం పాలిపోయింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఈ ముసల్దానికి పంతం తప్ప సాక్ష్యం లేదని అందరూ అనుకున్నా సరేననుకున్నాను.

అప్పుడు పాత డ్రైవరు గోడ వదిలి ముందుకొచ్చాడు. "మావా, ఆగొద్దని నువ్వు సెప్పనేదు. ఎందుకాగినావని అడుగుతావు. మొన్న నన్నూ అడిగినావు, టీచరమ్మ పక్కనే ఉన్నాది. రోజూ అడిగితే ఇంక ఆగబుద్దేస్తాదా?"

అధ్యక్షుడు బల్లకేసి చూస్తూ, ఎవరితోనూ కాకుండా తనలో తాను చెప్పుకున్నట్టు అన్నాడు. "ఫోన్లో బండిని సూపించే ఆ సుక్క కదలకపోతే నాకు గుండె దడొస్తాది. పడిపోయినాదేమోనని అడుగుతాను. మీరు ఫోనెత్తితే బతికున్నట్టు కదా."

అందులో నిజమెంతో, తప్పించుకోవడమెంతో ఇప్పటికీ నాకు తెలీదు. కానీ బండి పడుతుందేమోనన్న భయంతో చేసిన ఫోనే బండిని పడేసిందన్న సంగతి, తప్పెవరిదని వెతికి ఉంటే నాకు ఎన్నటికీ దొరికేది కాదు. సిఫార్సు ఒప్పుకున్నారు. మా కమిటీలో ముగ్గురికి ముగ్గురినీ ఆయనొక్కడే వేయకూడదని, ఒకరిని డ్రైవర్లు ఎన్నుకోవాలని కూడా అడిగాను. అది మాత్రం తర్వాత చూద్దామన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు, నేను ప్రతి మీటింగులోనూ అడుగుతూనే ఉన్నాను.

కట్టు విప్పి, మళ్ళీ అదే యజమాని లారీ ఎక్కిన నెలకి ఆ డ్రైవరు కొంచెం కుంటుకుంటూ మా ఇంటికొచ్చాడు. బీరువాలోంచి కవరు తీసి అతని చేతికిచ్చాను. నీదే, చింపేసుకో అన్నాను. అతను దాన్ని వెలుతురుకి పట్టి, అంటించిన చోటు వేలితో తడిమి చూశాడు.

"ఆ రోజు తీసేస్తారనుకున్నానమ్మా."

"తీసేద్దామనే అనుకున్నాను" అని నిజం చెప్పేశాను.

అతను కవరు మళ్ళీ నా చేతిలో పెట్టాడు. "మీ కాడే ఉంచండి. రేపు ఇంకోడు సెప్పడానికి బయపడితే, ఇది ఇంకా తెరవనేదని సూపించండి."

ఆ తర్వాత ఇద్దరికి చూపించాను. ఇద్దరూ చెప్పారు.